పట్టాల ఎడము, పెట్టెల పొందిక



హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు పోవు రైలుదారి మీరందరును ఎరిగినదే. వేరువేరు పద్ధతులను ఒకటిగా కూర్చునపుడు ఏ సంగతులు విచారింపవలెనో ఆ దారి మనకు చక్కగా నేర్పును. ఆ విషయమునే నేడు మీకు మనవి చేయదలచితిని.

మన దేశమున మొదట వేసిన పెద్ద రైలుదారులలో పట్టాల నడుమ ఎడము 5 అడుగుల 6 అంగుళములు. 1870లో మేయో ప్రభువుగారి ప్రభుత్వము ఖర్చు తగ్గించుటకై కొన్ని క్రొత్తదారులను మీటరు ఎడముతో, అనగా సుమారు 39 అంగుళములతో, వేయ నిశ్చయించెను. 1890వ దశకమున గుంతకల్లునుండి మన మూడు ఊళ్ల మీదుగా బెంగుళూరు చేరినది ఈ చిన్నదారియే. కాని గుంతకల్లున బొంబాయి మదరాసుల పెద్దదారి యుండెను. బెంగుళూరునకు మదరాసునుండి వచ్చినదియు పెద్దదారియే. హిందూపురపు బెల్లము, చింతపండు ఈ రెండింటిలో ఏ పెద్దదారి కెక్కవలెనన్నను బస్తాలను ఒక బండినుండి దించి మరియొక బండికి మోయవలసి వచ్చెడిది. పట్టాలు వేయునాడు మిగిలిన సొమ్ము, కూలిగాను, జాగుగాను, చిరిగిన బస్తాలుగాను ఏటేట తిరిగి ఖర్చగుచుండెను.

1980వ దశకమున ఈ దారి పెద్దదైనది. అంతటితో చిక్కు తీరలేదు, ధర్మవరమునకు మారినది. అచటినుండి కదిరి మీదుగా పాకాలకు పోవు దారి ఇంకను చిన్నదిగనే యుండెను. పెద్దబండి దిగి, మూటలు నెత్తి కెత్తుకొని, పిల్లల చేతులు పట్టుకొని చిన్నబండికై పరుగెత్తినవారిలో నేనును ఒకడను. దేశమంతట ఒకే కొలత యుండవలెనని 1992లో పూనుకొనిన పిమ్మట, 2010 నాటికి ఆ పాకాల దారియు మారినది.

పట్టాల ఎడము కంటికి కనబడును. పెట్టెకును పెట్టెకును కూర్పు చూడుడు. చిన్నదారి పెట్టెలకు నడుమ కొక్కెము. పెద్దదారి పెట్టెలకు పూర్వము మరతో బిగించు గొలుసు, ఇరుప్రక్కల గుద్దుడు దిమ్మెలు. ఈ భేదమును చేతితో తడవి తెలిసికొనవచ్చును.

మూడవది బ్రేకుగొట్టము. ఇది కొంత సూక్ష్మమైన సంగతి. పాతపద్ధతిలో గొట్టములోని గాలిని లాగివేసిన బ్రేకు వదలును. గాలి చొరబడిన పట్టును. క్రొత్తపద్ధతిలో గాలిని ఒత్తిడితో నింపిన బ్రేకు వదలును. గాలి పోయిన పట్టును. గొట్టము తెగిన రెండు పద్ధతులలోను బండి నిలుచును, కావున రెండును మంచివే. కాని ఒకదాని పెట్టెను రెండవదానిలో కలిపిన, ఆ పెట్టె బ్రేకు పనిచేయదు. కొక్కెము కలిసినది, చక్రము కలిసినది, బండి కదలినది. ఐనను దిగుడులో ఆ పెట్టెను ఆపు శక్తి దానికి లేదు. కావున కూర్పు నెంచునపుడు మూతి కలిసెనా యని మాత్రమే చూచిన చాలదు; దానిలో ఏమి ప్రవహించును, ఎంత బలముతో ప్రవహించును అని అడుగవలెను.

మన పొలములలోను ఇదే న్యాయము. 63 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు గొట్టము 4 కేజీలదియు, 6 కేజీలదియు గలవు. రెంటి బయటికొలత యొకటే గనుక ఒకదానికి మరియొకటి సులువుగా అతుకును. ఆ కేజీలు గొట్టము తాళగల ఒత్తిడిని తెలుపును. మోటారు బలమైనదై, చౌకగొట్టము దానికి దగ్గర నున్నచో, ఎండకాలమున నీరు అత్యవసరమైన దినముననే పగులును. పాతసామానునకు క్రొత్తది కలుపదలచినవారు కొనుటకు ముందే ఈ మూడు ప్రశ్నలు వేయుదురు గాక: కొలత కలియునా? బిగింపు కలియునా? బలము కలియునా? మూడింటికిని అవునను జవాబు వచ్చినపుడే రూక చెల్లింపుడు. రెంటికే వచ్చినచో, మూడవదానికై మరికొంత ఖర్చు చేయుటయే తుదకు చౌక.