టోనీ అయోమీ వేళ్లు

1965, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. పదిహేడేళ్ల టోనీ అయోమీకి రేకుల ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. ఇక గిటారే బతుకుదెరువనుకున్నాడు. ఆ రోజే చెయ్యి మిషన్లో పడి, కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతివాటం. తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే!

ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో పైఅధికారి మాత్రం జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా గిటారు మీద అద్భుతాలు చేసిన మహా కళాకారుడు జాంగో. ఆ రికార్డు వినిపించిన పైఅధికారికి రాక్ సంగీతం ఎంతో రుణపడి ఉంది.

అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు. తీగ మీద పట్టు దొరకడానికి వాటిపై తోలుముక్క అతికించాడు. మామూలు తీగలు నొక్కలేక సన్నటి బాంజో తీగలు బిగించాడు.

1970 ఫిబ్రవరి 13న అతని బృందం బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ అక్కడే మొదలైందని చాలామంది మాట.

మరుసటి ఏడాది ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు శ్రుతిని ఏకంగా మూడు అరస్వరాలు దించాడు. తీగ వదులై వేళ్లకు సుఖం, నాదానికి బరువు. తర్వాతి మెటల్ బృందాలెన్నో ఆ దారే పట్టాయి.