ఆపదలో సమూహమును నిలుపునది ఏది?



ఆపత్కాలమున ఒక్కడు ధైర్యముతో నుండుట కష్టము; పదిమంది కలసి ధైర్యముతో నుండుట మరింత కష్టము. ఏలయన, ఒకని భయము క్షణములో అందరికిని ప్రాకును. అట్టి వేళ సమూహమును నిలుపునది ఏది? ఇందుకు మన కాలముననే జరిగిన యొక వృత్తాంతమును మేము మనవి చేయుచున్నాము.

ఉత్తరాఖండమున యమునోత్రికి పోవు మార్గములో, సిల్క్యారా యను చోట సొరంగము త్రవ్వుచుండిరి. 2023 నవంబరు 12న, దీపావళినాటి తెల్లవారుజామున అది కొంతమేర కూలెను. 41 మంది శ్రామికులు లోపల చిక్కుకొనిరి. అడ్డుపడిన మట్టియు రాళ్లును దాదాపు 60 మీటర్లు. తొలి దినములలో నాలుగంగుళాల గొట్టము ద్వారా వచ్చు ప్రాణవాయువు, మరమరాలు, శనగలే వారికి ఆధారము. నవంబరు 20న ఆరంగుళాల గొట్టము చేరిన పిదపనే వేడి కిచిడీ అందినది.

వారు ఎనిమిది రాష్ట్రములవారు. అయినను దొరికినది పంచుకొని భుజించిరి. సొరంగములోనే నడచిరి, యోగాభ్యాసము చేసిరి, ఆటలాడిరి. దినమునకొక క్రమ మేర్పడినచో మనస్సునకు పట్టు దొరకును. వారిలో అనుభవజ్ఞుడైన మేస్త్రి, అందరును వెడలిన పిదపనే తాను వత్తునని చెప్పెను. పెద్దవాడు కడపట నిలిచినచోట చిన్నవారికి తొందర పుట్టదు.

వెలుపలివారును ఒక్క ఉపాయమునే నమ్ముకొనలేదు. అడ్డముగా త్రవ్వు యంత్రము విరిగిపోగా, కొండపైనుండి నిలువుగా త్రవ్వుట ఆరంభించిరి. కడపటి పది పన్నెండు మీటర్లను ఎలుక బొరియవంటి ఇరుకు దారులు త్రవ్వు పనివారు చేతులతోనే తొలచిరి. బొగ్గుగనులలో ఆ పద్ధతిని ప్రమాదకరమని 2014లో హరిత ట్రైబ్యునల్ నిషేధించియుండెను. లోకము చిన్నచూపు చూచిన ఆ పనితనమే నాడు అక్కరకు వచ్చినది. 17వ దినమైన నవంబరు 28 రాత్రి 41 మందియు ప్రాణములతో వెలుపలికి వచ్చిరి.

అయితే మరియొక మాటయు చెప్పవలసియున్నది. ఆపదలో తప్పించుకొనుటకు వేరొక దారి ఆ సొరంగమునకు లేదు. శ్రామికుల ధైర్యమును కొనియాడుచు ఈ లోపమును మరువరాదు. ఓర్చుకొనువారున్నారు గదా యని జాగ్రత్త విడుచుట అధర్మము.

కుటుంబమైనను, దేవాలయ సేవాసమితియైనను ఇదియే మార్గము. ఆపద రాకమునుపే రెండవ దారి సిద్ధము చేసికొనవలెను. వచ్చినప్పుడు ప్రతివానికిని ఒక పని యప్పగించవలెను. ఏ వృత్తివానిని తక్కువగా చూడరాదు. పెద్దలు కడపట నిలువవలెను. ధరించునది గనుకనే ధర్మమనిరి. పదిమందిని కలిపి పట్టియుంచునది అదియే.

స్వస్తి.