దుంగల నెత్తు యంత్రము - దాని బొమ్మ



తాటిదూలమును బండి కెక్కించుట చూడనివారు మీలో నుండరు. బండి ప్రక్కకు రెండు వాసములు వాలుగా నానించి, దూలమునకు మోకు చుట్టి, బండి కావలివైపున నిలిచి లాగుదురు. దూలము దొర్లుచు పైకి వచ్చును. అమెరికా యడవులలో రైలుబండ్లకు దుంగల నెక్కించుటకును తొలుత నదే పద్ధతి. అచట మోకునకు బదులు గొలుసు, మనుష్యునకు బదులు గుఱ్ఱము. ఏఱు కలచోట నీ శ్రమ యంతగా లేదు. మన మన్యపు కలపను తెప్పలుగా గట్టి గోదావరిపై రాజమహేంద్రవరమునకు దింపుచుండిరి గదా! ఏఱు లేని యడవికి మాత్రము రైలు వేయవలసి వచ్చినది.

ఈ సంగతులు నాకు దెలియుట నా మనుమని మూలమున. వాడు అట్టి యడవిరైలు బొమ్మను చేయుచున్నాడు. అమెరికాలో ఇది పిల్లలాట కాదు. పెద్దలే యేండ్ల తరబడి చేయుదురు. సాధారణముగా సమస్తమును నిజమైన దానిలో 87వ వంతు కొలతకు దింపుదురు. 40 అడుగుల దుంగ అయిదున్నర అంగుళములగును. మనుష్యుడు రెండు సెంటీమీటర్ల యెత్తుండును.

దుంగల నెత్తు యంత్రము నెచట నిలుపవలెనని మావాడు నన్నడిగెను. "ప్రక్కను మఱొక జత పట్టాలు వేసి దానిపై నిలుపుము" అని వెంటనే చెప్పితిని. బడిలో తల పండినవానికి "తెలియదు" అను మాట నోట వెడలుట కష్టము. పిదప చిత్రములు తెప్పించి చూడగా నా మాట తప్పని తేలినది. అడవిలోని పట్టాలు శాశ్వతములు కావు. ఒకచోట చెట్లు తీఱగానే యూడబెఱికి మఱొకచోట పఱచునవి. జంటదారికి వ్యయమెవరు పెట్టుదురు? మఱి ఒంటిదారిపై యంత్రము నిలిచినచో, వెనుకనున్న ఖాళీబండ్లు దానిని దాటి ముందునకు వచ్చుటెట్లు?

ఈ చిక్కును రెండు విధముల విడదీసిరి. ఒహాయో రాష్ట్రపు మేరియన్ పట్టణమున చేసిన బార్న్‌హార్ట్ యంత్రము బండ్ల పైననే నడచును. బండ్లపై పట్టాలు బిగించి, బండికిని బండికిని నడుమ పట్టాతునకలను వంతెనగా వేయుదురు. యంత్రము ముందున్న బండిని నింపి, తన యినుపత్రాటితో తన్ను తానే లాగుకొని వెనుక బండిపైకి జరుగును.

రెండవది, 20వ శతాబ్ది తొలి యేండ్లలో మిన్నెసోటా రాష్ట్రపు డులూత్ పట్టణమున క్లైడ్ కర్మాగారమువారు చేసిన మెక్‌గిఫర్ట్ యంత్రము. నాకు నచ్చినది ఇదియే. తన చక్రములపై తానే నడచివచ్చి, పనిచోటు చేరగానే చక్రములను మడిచి పొట్టక్రిందికి ఎత్తికొనును. అపుడు దాని నాలుగు కాళ్లును పట్టాలకు వెలుపల స్లీపరుల కొనలపై ఆనును. పట్టాలు ఖాళీ యగును. ఏనుగు కాళ్ల నడుమ దూడలు దూరినట్లు ఖాళీబండ్లు దాని క్రిందుగా దూరివచ్చి, ముందు నిండుచుండును.

తప్పు దిద్దుకొని ఈ యంత్రమునే చేయించితిని. యంత్రము కుదిరినది గాని త్రాడు కుదురలేదు. దుంగ నెత్తినను దారము బిగియక మెలికలు తిరిగి వంకరగా నుండెను. మావాడు దారమును తిట్టెను. దోషము దారమున లేదు, గణితమున నున్నది. పొడవు 87వ వంతైనపుడు బరువు 87వ వంతు కాదు. వెడల్పును, మందమును గూడ అట్లే తగ్గును గావున 87ను ముమ్మాఱు హెచ్చవేయవలెను; 6,58,503 వచ్చును. వేయి కిలోల దుంగ బొమ్మలో ఒకటిన్నర గ్రాము! త్రాటిని బిగలాగు బరువెక్కడిది? దుంగను తొలిచి లోపల సీసపుగుండు దాచితిమి. దారమునకు మైనము పూసితిమి. అంతట నది నిటారుగ నిలిచెను.

ఆ బరువు నేల తలపెట్టితిననగా, దాని క్రింద మనుష్యులుండిరి. దుంగ రెండుకొనలకును ఇనుపకొక్కెములు తగిలించువారు నేలపై నుందురు. బండిలో పేర్చిన దుంగలపై నొకడు నిలిచి, వ్రేలాడుచు వచ్చు దుంగను చోటు చూచి దింపించును. త్రాడు తెగినను, కొక్కెము జాఱినను ప్రాణము వానిదే. మావాడు ఆ మనుష్యుని బొమ్మ యడ్డమని తీసివేసెను. నేను మరల పెట్టుమంటిని.

ఇంకొక వాదము. యంత్రము చుట్టును వాడు దట్టముగా చెట్లు నాటెను. ముందువైపున సరియే, యంత్రము దాటివచ్చిన వెనుకవైపున చెట్లెట్లుండును? అమెరికా దక్షిణ రాష్ట్రములలో పొడుగాకు దేవదారు పూర్వము సుమారు 9 కోట్ల యెకరములలో నుండెడిది. 1990ల నాటికి 30 లక్షల యెకరములకు దిగినది. కారణములు పెక్కులు, ఈ యంత్రముల వేగము వానిలో నొకటి. పిదప నాటుటచే కొంత పెరిగినది. లూయిసియానాలో ఆ చెట్టు పేరనే లాంగ్‌లీఫ్ అను ఊరు కలదు. 1892లో మొదలైన అచటి రంపపుమిల్లు 1969లో మూతపడినది, ఇపుడది ప్రదర్శనశాల. మెక్‌గిఫర్ట్ యంత్రము నచట నేటికిని చూడవచ్చును.

వెనుకవైపు మొద్దులు పెట్టుమనగా మావాడు రెండు దినములు నాతో మాటాడలేదు. మూడవనాడు చీపురుపుల్లలు నఱకి తానే మొద్దులు చేసికొని వచ్చెను. దుంగలపై మనుష్యుని నింకను నిలుపవలసియున్నది. జిగురు ఆఱుటకై వేచియున్నాము. సెలవు.