మోటారు ఆగితే ముందు పెట్రోలు దారి చూద్దాం

మిడ్ మానేరులో చేపలు పట్టే మన ఇండ్లల్ల పాత పడవ మోటారు ఉంటే ఈ మాట పనికొస్తది. మెల్లగ మంచిగ నడిచి, ఫుల్లు రేసుకు ఆగిపోతే ఎక్కువసార్లు కారణం పెట్రోలు చాలకపోవడమే.

ముందు ట్యాంకు మూత మీది గాలి మర చూడాలి. అది బిగించి ఉంటే లోపలికి గాలి పోదు, పెట్రోలు రాదు. తర్వాత ఫిల్టరు చూడాలి. అటెన్క ఆగబోయేటప్పుడు పైపుకున్న రబ్బరు బుడ్డి పిసకాలి. మోటారు అందుకుంటే పైపు, పంపు చూపియ్యాలి. అందుకోకపోతే కార్బరేటరు కడిగియ్యాలి. ఇవి చూసేటప్పుడు దగ్గర బీడీ ముట్టియ్యొద్దు.

కొత్త మోటారుకని సంఘంల అప్పు అడిగేముందు ఇవన్నీ చూసుకుందాం. పడవల తెడ్డు, లైఫ్ జాకెట్ మాత్రం తప్పకుండ పెట్టి పంపుదాం. నడినీళ్లల్ల మోటారు ఆగితే మనోళ్లకు అవే దిక్కు.