ఇంజను నూనె పోవు త్రోవలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఇంజను నూనె మాట ఇచట యేల యని కొందరికి తోచవచ్చును. ఆయుధపూజ నాడు ఇంజనుకు పసుపు కుంకుమలు అందును. దానితో వచ్చిన చిన్న పుస్తకము మాత్రము దూలము సందున చెదలకు ఆహారమగును. చదువవలసిన పుస్తకమును చదువకపోవుట గ్రంథాలయమునకు సంబంధించిన విషయమే గదా!

అనంతపురపు సీమలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. పెన్న, చిత్రావతి, హగరి అను పేళ్లు గొప్పవి. ఏడాదిలో పెక్కు నెలలు అవి ఇసుక దారులు. బావినీటిని పూర్వము కపిలతో తోడిరి. ఎద్దులు అలసినచో నిలుచును, రైతు గ్రహించును. ఇంజను అట్లు కాదు. నూనె లేకున్నను కడవరకు తిరిగి, ఒక్కసారిగ బిగిసి నిలుచును. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట దీని వాడుక తగ్గినమాట నిజమే. కాని కరెంటు తీగ లేని కుంటగట్టున నేటికిని ఇదియే గతి. 2016 ఆగస్టులో వాన ముఖము చాటుచేసినప్పుడు ప్రభుత్వము రెయిన్ గన్నులతో ఈ జిల్లా వేరుసెనగను కాపాడ యత్నించెను. అట్టి ఒక్క తడి కొరకే ఇంజను ఆరోగ్యముగ నుండవలెను.

1897లో జర్మనీ దేశమున ఔగ్స్‌బర్గు నగరములో రుడాల్ఫ్ డీసెల్ తన యంత్రమును జయప్రదముగ నడిపెను. 1900లో పారిస్ ప్రదర్శనమున ఆ జాతి చిన్న యంత్రమొకటి వేరుసెనగ నూనెనే ఇంధనముగ గొని నడిచినది. మన మెట్టపంటకు ఇంతటి గౌరవము! అయితే ఈ ముచ్చట విని యెవ్వరును ఇంజను అడుగు తొట్టిలో గానుగనూనె పోయరాదు. ఇంధనముగ మండుట వేరు, కందెనగ నిలుచుట వేరు. తొట్టిలో అది వేడికి జిగురై పట్టుకొనును.

ఇక అసలు విషయము. ఒక పల్లెలో వేరుసెనగ ఊడలు దిగు సమయము. ఇరువది దినములుగ వాన లేదు. బావిలో నీరు దినమునకు నాలుగు గంటలకు మాత్రమే చాలుచున్నది. అట్టి వేళ రైతు ఇంజను నూనె మ్రింగసాగెను. ఉదయము నిండుగ పోసినది మరునాటికి అరలీటరు తరుగు. మేస్త్రీ వచ్చి చూచి, “లైనరు అరిగినది, పిస్టను రింగులు పోయినవి, పట్టణమునకు చేర్చవలె” ననెను. చేర్చి తెచ్చుటకు వారము పట్టును. వారము నీరు లేనిచో పంట దక్కదు. ఇల్లాలి మెడలోని గొలుసు కుదువకు సిద్ధమైనది.

మాధవకరుడు రోగములను గుర్తించుటను గూర్చియే ఒక నిదానగ్రంథము వ్రాసెను. రోగము తెలియక మందు పోయరాదని ఒప్పుకొనువారే ఇంజను విషయమున ముందు విప్పించి పిమ్మట ఆలోచింతురు. నూనె మాయము కాదు. బయటికి కారవలెను, లోపల మండవలెను, లేదా నీటిలోనికి పోవలెను. ఏ త్రోవన పోయినను జాడ విడుచును.

ముందుగ ఎంత పోవుచున్నదో తెలియవలెను. ఏ ఇంజనైనను కొంత నూనెను తినును. ఇంధనములో నూటికి ఒక పాలు వరకు సహజమని సామాన్యపు లెక్క. ఐదు గుర్రపు బలముల ఇంజను నిండు బరువున గంటకు ఇంచుమించు లీటరు డీసెలు త్రాగును. కావున పది గంటలకు నూరు మిల్లీలీటర్ల నూనె తరిగినచో దిగులు లేదు. ఆ రైతుకు నాలుగు గంటలకే అరలీటరు! కొలత సరిగ నుండుటకు ఇంజను మట్టముగ నుండవలెను. ఆపిన పిమ్మట పది పదునైదు నిమిషములు నూనె దిగనిచ్చి, పుల్లను తుడిచి, మరల ముంచి చూడవలెను. పై గీటును దాటి పోయుటయు తప్పే. అధికమైన నూనెను లోని చక్రము చిలికి పైకెగజిమ్మును, అదియు మండిపోవును.

బయటికి కారు జాడను గనుగొనుటకు ఇంటిలోని ముగ్గుపిండి చాలును. ఇంజనును కిరసనాయిలుతో కడిగి ఆరనిచ్చి, అతుకులపైనను, సంపు చుట్టును, ఇరుసు బయటికి వచ్చు చోటనున్న సీలు క్రిందను ముగ్గుపిండి చల్లవలెను. అరగంట నడిపి ఆపినచో తడిసిన చోట నల్లచార కానవచ్చును. తిరుగుచున్న చక్రము దరికి పంచె కొంగుతోగాని పైటకొంగుతోగాని పోరాదు.

ఆ రైతు ఇంటనే చదువుకొనుచున్న కుమార్తె ఒక ప్రశ్న వేసెను: “నాయనా, రింగులు పోతే నీలిపొగ రావాలంట గదా, మన గొట్టంలో ఏదీ?” నిజమే, పొగ లేదు. ముగ్గుపిండి చల్లి చూడగా ఇరుసు సీలు కడ బొటబొట కారుచున్నది. సీలు పాడైనదని అక్కడ ఆగినను పొరబాటే అయియుండెడిది. ఇంజను పొట్టలోని ఆవిరి వెలికి పోవుటకు బ్రీదరు అను చిన్న ముక్కు కలదు. అది దుమ్మును జిడ్డును గలసి పూడిపోయినది. లోని ఒత్తిడి పోవు త్రోవ లేక నూనెను సీలు సందున నెట్టుచున్నది. బ్రీదరు విప్పి, కిరసనాయిలులో కడిగి, మరల బిగించిరి. మరునాడు తరుగు అరలీటరు నుండి నాలుగవ వంతునకు దిగెను.

నీలిపొగ వచ్చినచో కథ వేరు. నూనె మండుచున్నదని అర్థము. నల్లపొగ ఇంధనము మిక్కుటమగుట వలననో గాలి చాలకనో వచ్చును. దానిని నూనె తగులబాటని భ్రమింపరాదు. నీలిపొగ ఉదయము మొదలుపెట్టునప్పుడు మాత్రము వచ్చి తగ్గినచో వాల్వుల గైడుల మీద అనుమానము. బరువు లాగుచున్నంతసేపు వచ్చినచో రింగుల మీద. ఇంజెక్టరు తీసిన రంధ్రమున ఒక్క చెంచాడు నూనె పోసి చేతితో త్రిప్పించినచో, బిగువు పెరిగినయెడల అరిగినవి రింగులు, పెరగనియెడల వాల్వులు. ఈ పరీక్షను మేస్త్రీచేతనే చేయించుట మేలు. నూనె మించినచో పిస్టను అడ్డుపడి విరుగును.

రింగులు అరుగుటకు మన సీమలో ముఖ్యకారణము ఆషాఢమాసపు గాలి. ఎర్రదుమ్ము సిలిండరులో ప్రవేశించినచో ఆకురాయి వలె అరగదీయును. దానిని ఆపునది నూనెతొట్టి గల గాలి వడపోత. “గాలి ఆడుటలేదు, బలము తగ్గినది” అని కొందరు దానిని ఊడదీసి చెట్టుకొమ్మకు తగిలింతురు! ఆ సీజను ముగియునాటికి లైనరును ముగించినట్లే. దుమ్ము దినములలో ఆ తొట్టిని ప్రతిదినము చూచి, మడ్డి పారబోసి, గీటు వరకే మరల పోయవలెను. మించి పోసినచో ఆ నూనెను ఇంజను పీల్చి కాల్చును. దోషము మాత్రము రింగుల మీద పడును.

మరియొక కారణము కరవు తెచ్చునది. నీరు అడుగంటిన బావికి పెద్ద ఇంజనును పెట్టి గంటలకొలది తేలికగ నడిపినచో లైనరు అద్దమువలె నున్ననై రింగులు అతుకవు. గొట్టము చివర నల్లని జిడ్డు కారును. తగిన బరువు పెట్టి నడుపుటయే దానికి మొదటి వైద్యము.

నూనె తరుగనంత మాత్రమున నిశ్చింత పనికిరాదు. ఇంధన పంపు నుండి డీసెలు లోనికి కారినచో మట్టము పెరుగును కూడ. నూనె పలుచనై డీసెలు వాసన కొట్టును. నూనె మజ్జిగరంగు తిరిగినచో నీరు కలిసినది. చల్లార్చు నీటిపై జిడ్డు తెట్టె కట్టినచో హెడ్డు గాస్కెట్టును చూడవలెను. ఈ మూడింట ఏది కానవచ్చినను ఇంజనును వెంటనే ఆపవలెను.

బావిలోని గట్టుపై ఇంజను దింపినవారు పొగగొట్టమును పైకి తీసికొనిపోవుదురుగాక. నడుచుచుండగా నూనె చూచుటకు లోనికి దిగరాదు. పొగలో వాసన లేని విషవాయువు కలదు. ఆపి, చాలసేపు గాలి ఆడనిచ్చి, గట్టుపై మరియొకడుండగా దిగవలెను.

ఆ రైతు బావి కడ నేడు మేకునకు ఒక నోటుపుస్తకము వ్రేలాడుచున్నది. తేది, నడిచిన గంటలు, పోసిన డీసెలు, పోసిన నూనె, ఇవి నాలుగు గళ్లు. వ్రాయునది కుమార్తె. సీలును పంట చేతికి వచ్చిన పిమ్మట మార్చిరి. గొలుసు ఇల్లాలి మెడలోనే యున్నది.