ఎలా తీశారన్న ప్రశ్న: డేవిడ్ బోర్డ్‌వెల్ చూపిన దారి

సినిమాల మీద మనం రాసే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఈ సినిమా ఏం చెబుతోంది? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు సినిమా పాఠాలు బోధించి, 2024 ఫిబ్రవరిలో కన్నుమూసిన డేవిడ్ బోర్డ్‌వెల్ అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందన్నారు. దీన్ని ఇలాగే ఎందుకు తీశారు? మరోలా తీయడానికి ఆనాడు ఏ దారులున్నాయి? దర్శకుడు ఏది ఎంచుకున్నాడో తెలియాలంటే ఏది వదిలేశాడో తెలియాలి. అది చెప్పేది చరిత్ర. కనక చరిత్ర చదవకుండా చేసే విశ్లేషణ సగంలోనే ఆగిపోతుందని నా వాదన.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1949లో తీసిన 'లేట్ స్ప్రింగ్'లో ఒక ఘట్టం చూడండి. పెళ్లికి ముందు తండ్రితో కలిసి క్యోటో వచ్చిన నోరికో రాత్రి సత్రంలో పడుకుని ఉంటుంది. ముఖంలో చిరునవ్వు. తర్వాతి షాట్‌లో చీకటి గదిలో ఒక ఫ్లవర్‌వాజ్. మళ్లీ నోరికో, ఈసారి ఏడుపు ఆపుకుంటున్న ముఖం. మళ్లీ అదే వాజ్. దీని అర్థం మీద ఎంతో రాశారు. దర్శకుడిగా మారకముందు పాల్ ష్రేడర్ 1972లో రాసిన పుస్తకంలో ఇందులో లోకాతీతమైన నిశ్చలతను చూశారు. జెన్ బౌద్ధాన్ని తెచ్చి ఓజును వివరించిన వారికి కొదవలేదు. బోర్డ్‌వెల్ 1988లో ఓజు మీద రాసిన పెద్ద పుస్తకం ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది. ఆయన ముందు ఓజు ఇతర సినిమాలు చూశారు, తర్వాత ఓజు పనిచేసిన షోచికు స్టూడియో వాతావరణాన్ని, ఓజు ఇష్టపడ్డ అమెరికన్ కామెడీలను చూశారు. అలా చూస్తే తేలే సంగతి ఇది: సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య ఖాళీ వరండాలు, ఆరేసిన బట్టలు, పొగగొట్టాలు చూపడం ఓజుకు మొదటి నుంచీ అలవాటు. అలవాటు తెలిశాకే అసలు విశేషం కళ్లబడుతుంది. ఇక్కడ ఆ వస్తువు సన్నివేశాల మధ్య లేదు, ఒకే మనిషి రెండు ముఖాల మధ్య ఉంది. నవ్వు కన్నీరుగా మారే క్షణాన్ని ఓజు మనకు చూపలేదు, ఆ చోట వాజ్‌ను పెట్టాడు. జెన్ మాట ఎత్తకుండానే ఘట్టం మరింత బరువెక్కింది. మతాన్నీ సంస్కృతినీ తోసిపుచ్చాలని నేననడం లేదు. తెర మీద ఉన్నదాన్ని పూర్తిగా చూడకముందే వాటి దగ్గరికి పరిగెత్తవద్దంటున్నాను.

అలవాటు తెలియాలంటే గొప్ప సినిమాలు మాత్రమే చూస్తే చాలదు. బోర్డ్‌వెల్, జానెట్ స్టైగర్, క్రిస్టిన్ థాంప్సన్ కలిసి 1985లో తెచ్చిన హాలీవుడ్ చరిత్రకు ఆధారం విమర్శకులు మెచ్చిన చిత్రాల జాబితా కాదు, లాటరీ తీసినట్టు ఎంచిన 100 సినిమాలు. వాటిలో ఎవరూ గుర్తుంచుకోని చిత్రాలు చాలా ఉన్నాయి. పాండిత్యంలో ఇంత ఓపిక అరుదు.

షాట్లు లెక్కపెట్టడం రసజ్ఞత కాదని ఆక్షేపించేవారున్నారు. నిజమే. కానీ కొలత తీసుకోవడంతో దర్జీ పని ముగియదు, మొదలవుతుంది. 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో అత్యధిక భాగానికి సగటు షాట్ నిడివి 8 నుంచి 11 సెకన్లు. శతాబ్దం చివరికి 3 నుంచి 6 సెకన్లు మామూలైపోయింది. పాత వ్యాకరణం కూలిపోయింది, మ్యూజిక్ వీడియోలు చెడగొట్టాయి అని చాలామంది తేల్చేశారు. బోర్డ్‌వెల్ అంకెల దగ్గర ఆగలేదు. షాట్లను కలిపే పద్ధతి చూశారు. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరు ఎక్కడున్నారు అన్న పాత నియమాలు చెక్కుచెదరలేదు. ముఖాలు దగ్గరయ్యాయి, కెమెరా కదలిక పెరిగింది, కోత వేగం హెచ్చింది. పాత వ్యాకరణమే గొంతు పెంచి మాట్లాడుతోందన్న ఈ నిర్ణయం, లెక్క లేకుండా ఊహించి చెప్పగలిగేది కాదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది. ఈ పద్ధతిలో సమాజం ఎక్కడ? కులం, పెట్టుబడి, అభిమాన సంఘాలు ఎక్కడ? చిరంజీవి సినిమాల మీద ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ప్రచురించిన అధ్యయనం చదివినవారికి హాల్లో ఉన్న అభిమానిని వదిలేసి హీరో ప్రవేశాన్ని వివరించలేమని తెలుసు. ఈ విషయంలో బోర్డ్‌వెల్‌ను నేను పూర్తిగా సమర్థించను. సిద్ధాంతకారుల మీద విసుగుతో ఆయన కొన్ని న్యాయమైన ప్రశ్నలను కూడా పక్కకు నెట్టారు. అయితే రాజకీయ వ్యాఖ్యానానికైనా రూపమే సాక్ష్యం. 'మాయాబజార్' (1957) భారత కథే, అయినా పాండవులు తెర మీదికి రారు. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఆ ఖాళీలోకి ఒక ఇంటి పెళ్లి గొడవను తెచ్చారు. దూరాన ఉన్న శశిరేఖా అభిమన్యులను కలపడానికి ప్రియదర్శిని పేటిక పెట్టారు. తనకు ఇష్టమైనవాడు శశిరేఖకు అందులోనే కనిపిస్తాడు, కెమెరా ఇల్లు దాటనక్కర్లేదు. ఈ సినిమాలో తెలుగు ఇల్లు, తెలుగు మర్యాద ఉన్నాయని పొగిడే ప్రతి వ్యాసమూ ఈ నిర్మాణాన్ని ముందు వివరించాలి.

మన దగ్గర మరో చిక్కుంది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రింటే మిగల్లేదు, అలాంటప్పుడు లాటరీ ఎక్కడ తీస్తాం? అందుకే మనకు కాగితం ముఖ్యం. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు ఒకరిని చూసి ఒకరు రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలూ ఆనాటి పత్రికలూ వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని చూపారు. ఇది కేవలం తేదీ గొడవ అనుకునేవారున్నారు. దేని తర్వాత ఏది వచ్చిందో తెలియనప్పుడు ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారో ఎలా చెబుతాం?

హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం, నటీనటుల, సాంకేతికుల పేర్లు అచ్చయ్యేవి. పోయిన సినిమాకు చాలాసార్లు అదే మిగిలిన ఆధారం. మీ ఇళ్లలో అటకల మీద అవి ఉంటే, కరపత్రాలుంటే, పాత కాగితాల వాడికి వేయకుండా దగ్గర్లోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వండి. సినిమా శాఖల్లో పరిశోధన చేసే విద్యార్థులకు నా విన్నపం ఒకటే: 1950లలో వచ్చిన, ఎవరూ పొగడని ఇరవై తెలుగు సినిమాలు తీసుకుని, షాటు షాటుగా చూసి, కనిపించింది రాయండి.