కనుమలోని తోట

నేను పాఠశాలలో అమరకోశమును జెప్పు దినములలో వనౌషధివర్గమును బాలురచేఁ బలుమాఱు వల్లె వేయించితిని. ఒకనాఁడొక బాలుఁడు "గుడూచి యనఁగా నేమి, అయ్యవారూ?" అని యడిగెను. "తిప్పతీఁగ" యంటిని. "అది యెట్లుండును?" అనెను. బడి దడిమీఁదనే యది ప్రాఁకియుండెను. నేను లేచి చూపక తరువాతి శ్లోకమునకుఁ బోయితిని.

ఆ లోపము నన్ను విడువలేదు. కావుననే దూరదేశపుఁ దోట యొకదాని కథ నాకుఁ బ్రియమైనది.

ఆల్ప్స్ పర్వతములలో ఇటలీకిని ఫ్రాన్సునకును నడుమ లిటిల్ సెయింట్ బెర్నార్డ్ అను కనుమ కలదు. అందలి బాటసారుల సత్రమునకుఁ బెద్దయైన పియెర్ షానూ అను క్రైస్తవ పురోహితుఁడు, కొండమొక్కలు నశింపకుండుటకును, వచ్చినవారు వానిని గన్నులారఁ జూచి యెఱుఁగుటకును, 1897లో అచ్చట షానూసియా యను తోటను నెలకొల్పెను. అది సముద్రమట్టమునకు 2170 మీటర్ల యెత్తున నున్నది. ఆయన 1909లో గతించెను. రెండవ ప్రపంచయుద్ధమునఁ దోట ధ్వంసమయ్యెను. 1947 నాఁటి సంధితో సరిహద్దు జరిగి యా నేల ఫ్రాన్సుదయ్యెను. సుమారు ముప్పది యేండ్లు దానిని బట్టించుకొన్నవారు లేరు.

1976లో ఇరుదేశములవారును గలిసి పునరుద్ధరణ మారంభించిరి. అది మన యరఁటితోఁట వేయుట వంటిది గాదు. మంచు కరఁగి నేల కనఁబడుట యేఁట కొలఁది మాసములే. పెక్కు కొండవిత్తనములు ఒక శీతకాలపుఁ జలి తగిలినఁ గాని మొలకెత్తవు. తొందరపడువానికి అచ్చటఁ బనిలేదు. ఇప్పుడు వేసవిలో జనులు పోయి యా మొక్కలను జూచుచున్నారు.

మొన్న నేనును మా వీథి పిల్లలను ఆ పాతదడి యొద్దకుఁ గొనిపోయితిని. తిప్పతీఁగ యాకు త్రుంచి యిచ్చితిని. ఒకఁడు నమలి "చేదు, తాతా!" యని యుమ్మివేసెను. రెండవవాఁడు తనకును గావలెననెను.